రెండో వైపు ఫోటో

ఉదయం 10:10. నాణేల దుకాణంలో గాజుపెట్టె తెరిచి ఉంది. తాళం పగలలేదు. లోపలి నాణేల్లో ఒక్కటి మాత్రమే మాయమైంది.

పదకొండేళ్ల కిందట యజమాని కొడుకు తెచ్చిన నాణెం అది. ఆ కొడుకు జబ్బు చేసి పోయి రెండేళ్లయింది.

10:35కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ఫోన్ చేసింది యజమానే. ఏ నాణెం అసలుదో తేల్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. మనుషులతో మాత్రం రోజుకు పది మాటలు మించవు. అందుకే అందరూ ఆయన్ని భూతద్దం అంటారు.

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా బావమరిది దగ్గర."

బావమరిది ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్నాడు. కాపురం అందరిదీ మేడ మీదే.

"పొద్దున స్నానానికి వెళ్తూ మేకుకి తగిలించాను మేడమ్. వచ్చేసరికి అక్కడే ఉంది."

"ఇవాళ విశేషమేమైనా ఉందా?"

"పదకొండున్నరకి నాణేల సంఘం పరీక్షకుడు వస్తున్నాడు. ఆ నాణేన్ని పరీక్షించి ఎగ్జిబిషన్‌లో పెడతారట. బావగారికి చెప్పకుండా నేనే ఒప్పుకున్నా. పోయిన నా మేనల్లుడు, మా చిన్నోడి పేరు నలుగురూ చూస్తారని."

కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు మేడమ్. స్టేషన్‌కి తీసుకెళ్దాం."

మెట్ల మీద నిలబడ్డ యజమాని భార్య ఆ మాట విన్నది. "మా తమ్ముణ్ణి తీసుకెళ్తారా?" అంది. కాసేపాగి, "ఆ పరీక్ష చేసేవాళ్లు నాణెం వెనక వైపు కూడా చూస్తారా అమ్మా?" అని అడిగింది.

ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసుకుంది.

"ఆ నాణెం గొప్పేంటి?" అని బావమరిదిని అడిగింది.

"బొమ్మ పైకి లేవాల్సింది పోయి, అద్దంలోలా తిరగబడి లోపలికి దిగి ఉంటుంది. టంకశాల మిషన్‌లో ఒక నాణెం ఇరుక్కుని తర్వాతి దాని మీద అచ్చుపడితే అలా వస్తుంది. అదే మింట్ ఎర్రర్. కొందరు రెండు నాణేలు కలిపి వైస్‌లో, అంటే మర తిప్పి బిగించే ఇనప పట్టులో, పెట్టి నొక్కుతారు. అది ఉత్త దెబ్బ, విలువుండదు."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"వెనక్కి తిప్పితే చాలు. మిషన్‌లో పుట్టినదైతే వెనక బొమ్మ శుభ్రంగా ఉంటుంది. వైస్‌లో బిగిస్తే అణిగిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ దుకాణం ఆల్బమ్ తిరగేసింది. నాలుగు వందల నాణేలు. ప్రతిదానికీ రెండు ఫోటోలు, ముందూ వెనకా. చిన్నోడి నాణేనికి మాత్రం ఒకటే. పక్కన ఖాళీ. కింద భూతద్దం చేతిరాత: మింట్ ఎర్రర్, అసలుది.

11:05. ఇన్‌స్పెక్టర్ అందరినీ కూర్చోబెట్టింది. కౌంటర్ కింద, దెబ్బతిన్నవి అని చీటీ అంటించిన గిన్నె ఉంది. దాన్ని బల్ల మీద బోర్లించి వెతికింది. నాణెం దొరికింది.

"పారేయడానికి చేతులు రాలేదు కదమ్మా?" అంది యజమాని భార్యతో. " వెనక వైపు గురించి మీరొక్కరే భయపడ్డారు."

ఆమె తమ్ముడి వైపు చూసి ఏడ్చేసింది. "వీడికేం తెలీదమ్మా. ఆ నాణెం మా అబ్బాయే ఆ వెనక గదిలో, పీటెక్కి, వైస్ బిగించి చేశాడు. పన్నెండేళ్లు వాడికి. నాణెం తెస్తేనే నాన్న తలెత్తి చూస్తాడని. ఇవాళ అందరి ముందూ వాడు దొంగవుతాడని తీసేశాను."

"ఈ సంగతి మీ ఆయనకి ముందే తెలుసు," అంది ఇన్‌స్పెక్టర్. "లేకపోతే రెండో ఫోటో తీసేవారు."

భూతద్దం ఆల్బమ్‌లోని ఖాళీ మీద వేలు పెట్టాడు.

"ఆ రోజే తెలిసింది. వాడు మొదటిసారి నా పక్కన కూర్చున్నాడు. నిజం చెబితే లేచిపోతాడేమో అనుకున్నా. తర్వాత చెబుదాంలే, చెబుదాంలే అని..."

"నాన్నని మోసం చేశానని ఆస్పత్రి మంచం మీద కూడా ఏడ్చాడండీ. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

ఆయన నాణేన్ని చేతిలోకి తీసుకున్నాడు. తను ఒక్క మాట చెప్పి ఉంటే కొడుకు మనసులో భారం లేకుండా పోయేవాడు.

కేసు లేదని ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు కాగితం చింపేసింది. పరీక్షకుణ్ణి బావమరిది గుమ్మంలోంచే పంపేశాడు.

భూతద్దం నాణేన్ని వెనక్కి తిప్పి కెమెరా కింద పెట్టాడు. అణిగిన బొమ్మ మీద వైస్ పళ్ల గీతలు.

"ఎంత గట్టిగా బిగించాడో," అన్నాడు భార్యతో. "అంత చిన్న చేతులతో."

ఫోటో తీసి ఆల్బమ్‌లో ఆ ఖాళీలో అతికించాడు. కాస్త వంకరగా అతుక్కుంది. సరిచేయలేదు.