రేకుల ఇంటి మీద అడుగులు

మణుగూరు దాటి అడవిలోకి మళ్ళే దారిలో ఒక రేకుల ఇల్లుంది. కరెంటుంది, మనుషులుండరు. పొద్దుగూకితే అటు మేకలు కూడా పోవు.

మా కాలేజీ ఊడ్చే నాగక్క గొంతు తగ్గించి చెప్పేది. "ఎండాకాలం మొదట్ల... రాత్రి కప్పు మీద ఒకతి నడుస్తది సారూ. చూసినోడు బతకలే."

చూసినవాడు బతక్కపోతే నీకెవరు చెప్పారని అడగాలనిపించేది. అడగలేదు... నాకూ భయమే.

2006లో ఆ ఇంట్లోకే పోయింది, మా కాలేజీలోనే పాఠాలు చెప్పే హేమలత. పరిశోధన కోసం కార్బన్‌తో సన్నటి గొట్టాలు చేసింది. నానోట్యూబులు! వెంట్రుక లావును యాభై వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత. అరువు తెచ్చిన మిషన్‌లో ఒక సూది, చీకట్లో చెయ్యి తడిమినట్టు, గొట్టం మీదుగా పాకుతుంది. సూది ఎంత లేస్తే గొట్టం అంత లావు. కాలేజీ ముందు బొగ్గు లారీ పోతే చాలు, సూది వణికి లెక్క చెడుతుంది. మనిషి అడుగు పడని చోటు కావాలి. ఇంతకన్నా మంచి చోటెక్కడుంది?

తెల్లారితే మిషన్ హైదరాబాదు వెళ్ళిపోతుంది. ఈ రాత్రి లావు తేలకపోతే మూడేళ్ళ చాకిరీ గోదాట్లో కలిసినట్టే. మాలో ఒక్కరూ తోడు పోలేదు. ఎక్కువ మంది ఉంటే సూది కదులుతుందని సాకు చెప్పాం.

కంప్యూటర్‌లో గీత తిన్నగా సాగుతోంది. ఉన్నట్టుండి ఎగిరింది—

టప్.

పైన... రేకు మీద. మళ్ళీ టప్... టప్. ప్రతి చప్పుడికీ గీత ఎగురుతోంది. నిజంగానే ఎవరో నడుస్తున్నారు...

కిటికీ అవతల ఒక ఆకారం. మెడ లేదు. తల మాత్రం ఇంత!

హేమలత టార్చి వేసింది. "ఎ... ఎవరది?"

"అవ్వో! ఎవలది?" దయ్యమే గట్టిగా అరిచింది. నెత్తిన బోర్లించుకున్న గంప కింద పడింది. నాగక్క!

"ఇప్పపువ్వు బిడ్డా. తెల్లారగట్ల రాలుతది. చెట్టు ఇంటి మీదికే వంగింది గద, రేకు మీద పడి గట్ల మోగుతది."

"మరి దయ్యం?"

"నేనే పుట్టించిన." నాగక్క గుసగుసలాడింది. "లేదని తెలిస్తే ఊరంతా గంపలు పట్టుకొని వస్తది. ఈ చెట్టు పువ్వు అమ్ముకుంటెనే నా ఇల్లు గడుస్తది. ఎవలికీ చెప్పకు."

"చెప్పనక్కా. కానీ నా సూది... తెల్లారితే నా పని పోతది."

పువ్వు పట్టడానికి నాగక్క తెచ్చిన పాత చీరలూ, హేమలత బొంతా కలిపి రేకుల మీద పరిచారు. చప్పుడు ఆగింది. సూది మెల్లగా లేచి, దిగింది. ఒకటిన్నర నానోమీటరు! హేమలతకి ఏడుపొచ్చేసింది.

నాగక్క తొంగి చూసి, "గింతేనా? దీనికోసమా దయ్యాల కొంపల కూసున్నవ్?" అంది.

పొద్దున అందరం చుట్టుముట్టాం. "దయ్యం ఉందా?"

హేమలత అచ్చం నాగక్కలా గొంతు తగ్గించింది. "ఉంది... తల గంపంత. కాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి."

మరుసటి ఏడు మిషన్ మళ్ళీ వచ్చింది. కాలేజీలో కొత్త గది ఇస్తామన్నా హేమలత వద్దని ఆ రేకుల ఇంటికే పోయింది.

అసలు సంగతి నాకొక్కడికే చెప్పింది. నేనూ మీకొక్కరికే చెబుతున్నా. ఎవరైనా అడిగితే మాత్రం... ఇప్పపువ్వు కాలంలో అటు పోవద్దనండి. చూసినవాడు బతకలేదట.