తాళం వేసిన మంచినీళ్లు

ఫ్యాన్లు, బల్బులు అమ్మే కొట్లో ఎత్తు స్టూలు మీద, పడవ నడిపే సరంగు ఏడాదిపాటు కూర్చున్నాడు. పని తేలికే. వచ్చినవాడికి ఫ్యాను తిప్పి చూపించాలి, చప్పుడు చేయదని చెప్పాలి. చేసేదాన్ని కూడా చేయదనే చెప్పాలి. అదీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది వేరే ఉంది. కొట్టు వెనక నీళ్ల డబ్బా మీద ఒకే ఒక్క గ్లాసు, అందరికీ అదే. గుమస్తా వక్కపొడి నములుతూనే దాన్ని నోటికి కరుచుకుని తాగేవాడు. యజమాని మూతి తుడుచుకున్న చేత్తోనే దాన్ని డబ్బాలో ముంచేవాడు. దాని అంచు ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది, ఎవరో అప్పుడే పెదవి తీసినట్టు.

ఒకరోజు యజమాని ఆ గ్లాసుతోనే నీళ్లు ముంచి, ఎంతో ఆప్యాయంగా సరంగు చేతికిచ్చాడు. సరంగు ఆ నీళ్లు అందరూ చూస్తుండగా వాకిట్లో పారబోశాడు. గ్లాసు బోర్లించాడు. చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాడు.

"ఏమండీ, అప్పుడే వచ్చారే?" అంది భార్య.

"ఆ ఎంగిలి కొలువు నావల్ల కాదు. మళ్లీ పడవెక్కుతా."

"ఈ వయసులో ఎండలో మాడలేను, నీడపట్టున కూర్చుంటానని మీరేగా అన్నది?"

"అన్నాను. నోరు నాది, మాట నాది. వెనక్కి తీసుకుంటున్నా."

"బాగుంది. నోటికి తాళం లేదు గాని, నీళ్లకి మాత్రం తాళం" అని ఆవిడ లోపలికి పోయింది.

ఆవిడ అన్నది ఉత్త మాట కాదు. సరంగుది తెరచాప పడవ. సరదాకి వచ్చిన జనాన్ని ఎక్కించుకుని, ఒడ్డు వెంబడి రెండు మూడు రోజులు తిప్పి దింపడం ఆయన పని. ఆ పడవ అడుగు గదిలో మంచినీళ్ల పీపా ఉండేది. దాని మూతకి గొలుసు, గొలుసుకి తాళం, తాళంచెవి ఆయన మెడలో. ఎవరికి దాహమేసినా ఆయనే తెరిచి, ఎత్తి పోయాలి, వాళ్లు దోసిలి పట్టాలి. ఆయన ఇత్తడి గ్లాసు పక్కనే మేకుకి వేలాడేది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి సొంత అన్నగారు తెలియక పీపాలో చెయ్యి ముంచాడు. ఆ తర్వాత సరంగు అన్నతో మాట్లాడలేదు. అన్న పోయినప్పుడు వెళ్లాడు గాని, అప్పటికి మాట్లాడే పని తప్పిపోయింది.

కొలువులో చేరేటప్పుడు పడవని బావమరిదికి నడుపుకోమని ఇచ్చాడు. తెరచాప ఇచ్చాడు, లంగరు ఇచ్చాడు, పొయ్యి ఇచ్చాడు. తాళంచెవి ఇవ్వలేదు.

"పడవ నీది, పీపా నాది. దాని జోలికి వెళ్లావో, నీకూ నాకూ మాటల్లేవు" అన్నాడు.

బావమరిది నవ్వాడు. "నీ నీళ్లు నాకెందుకు బావా, సీసాలు కొనుక్కుంటా" అన్నాడు. వాడికి అన్నీ తేలికే.

ఇప్పుడు వెనక్కి వస్తుంటే రేవంతా నవ్వింది. "సముద్రం మీద అలిగిపోయినాయన ఫ్యాను గాలి చాలక తిరిగొచ్చాడు" అన్నారు. అన్నవాళ్ల మొహాలు సరంగు ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకున్నాడు. ఎల్లుండి జనం ఎక్కుతామని కబురు పెట్టారు. ఆ ప్రయాణం సవ్యంగా సాగితే నవ్విన నోళ్లు మూతపడతాయి. చెడితే ఇక ఆ పడవ ఎవరూ ఎక్కరు, కొట్లో స్టూలు కూడా దక్కదు. ఉన్న రెండు దారుల్లో ఒకటి తనే మూసేసుకున్నాడు. మిగిలింది ఈ పడవే.

సరంగు పడవెక్కి చుట్టూ చూశాడు. పొయ్యి చుట్టూ జిడ్డు పెచ్చులు కట్టింది. చాపలు తడిసి ఎండి, ఎండి తడిసి, బూజుతో నల్లబడ్డాయి. అన్నిటికన్నా కంపు. చేపల కంపైతే ఆయనకి కంపే కాదు. ఇది పాచినోటి కంపు. పళ్లు తోముకోని మనిషి మొహంలో మొహం పెట్టి ఊపిరి వదిలినట్టు...

"ఏరా, ఇందులో మనుషుల్ని తిప్పావా, గొడ్లని తిప్పావా?"

"కడిగించాను బావా" అన్నాడు బావమరిది, రేవు మీదే నిలబడి. పడవలోకి అడుగు పెట్టలేదు.

పీపా తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయింది, ఎవరూ తీయలేదు. కానీ దాన్ని బద్దలుకొట్టి తెరిస్తే, నిండుగా ఉండాల్సిన నీళ్లు అడుగున చారెడున్నాయి. పీపా కింద చెక్క పొడిగా ఉంది. ఏడాది ఎండకి ఆవిరైపోయాయేమో అనుకున్నాడు సరంగు. ఆ చారెడూ ఒంపేసి, ఇసుకతో తోమి, ఎండబెట్టి, కొత్తనీళ్లు తనచేత్తో అంచుదాకా పోశాడు. కొత్త తాళం వేశాడు. ఇత్తడి గ్లాసు తళతళలాడేలా తోమి మేకుకి తగిలించాడు.

"నిండా పోశావా?" అని రేవు మీంచి అడిగాడు బావమరిది.

"పోశాను. నీకెందుకు?"

"ఏం లేదులే. మంచిదే."

మర్నాడు పొద్దున్న పడవ ఎలా నడుస్తుందో చూడ్డానికి ఇద్దరూ బయల్దేరారు. బావమరిది రెండు సంచుల నిండా నీళ్ల సీసాలు తెచ్చాడు.

"మధ్యాహ్నానికి వచ్చేస్తాం గదరా! పెళ్లివారికి విడిది ఏర్పాటు చేస్తున్నావా?"

బావమరిది నవ్వలేదు.

గాలి బాగుంది. తెరచాప నిండింది. చుక్కాని చేతికి తగలగానే సరంగు ఒళ్లు పదేళ్లు వెనక్కి పోయింది. ఒడ్డు సన్నటి గీతలా పక్కన జారిపోతోంది. ఇదీ బతుకంటే, అనుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గాలి చచ్చిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. సముద్రం నూనెలా నిలిచిపోయింది. తెల్లటి ఎండ. ఎటు చూసినా కదలిక లేదు. ఆ నిశ్శబ్దంలో అడుగు గదిలోంచి వినిపించింది.

గుటక.

సరంగు చెవి రిక్కించాడు.

గుటక... గుటక... గుటక... దాహంతో ఉన్నవాడు ఆగకుండా తాగే చప్పుడు. మధ్యలో ఆగి ముక్కుతో ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది.

"ఎవర్రా కింద?"

"ఎవరున్నారు బావా" అన్నాడు బావమరిది గుసగుసగా. "మనిద్దరమే."

సరంగు కిందికి దిగాడు. చీకటి. ఉక్క. నిన్నంతా కడిగి వదిలించిన కంపు మళ్లీ అక్కడే కూర్చుని ఉంది. గొలుసు చూశాడు, బిగువుగా ఉంది. తాళం ఉంది. మేకుకున్న గ్లాసు తీశాడు. అంచు తడిగా ఉంది. వెలుతురుకి పట్టి చూశాడు. ఒకవైపు పెదవుల అచ్చు, దాని కింద తీగలా సాగుతున్న చొంగ.

సరంగు డోక్కున్నాడు.

పీపాని వేలితో తట్టాడు. నిండు పీపా మొద్దులా పలకాలి. ఇది సగం దాకా డొల్లగా మోగింది. కింద చెక్క తడిమాడు. పొడిగానే ఉంది.

మెడలోంచి తాళంచెవి తీశాడు.

"తెరవకు బావా" అన్నాడు పైనించి బావమరిది. "నీకు దణ్ణం పెడతా, తెరవకు. తాగనీ..."

"ఎవణ్ణి?"

బావమరిది మెట్టు మీద కూలబడ్డాడు.

"వంటమనిషిని పెట్టుకున్నాను కదా... వాడు. జనాన్ని దింపేసి వస్తుంటే, ఇలాగే గాలి ఆగిపోయింది. సీసాలు అయిపోయాయి. వాడికి వాంతులు, విరేచనాలు. ఇదిగో, ఈ పీపా పక్కనే పడుకున్నాడు. 'అన్నా, కొంచెం. గొంతు తడుపుకుంటా, అంతే' అని పొద్దంతా అడిగాడు. నాలుక ఎండి చెక్కైపోయింది. చెవి ఆనించి లోపలి నీళ్ల చప్పుడు విన్నాడు, పీపాని నాకాడు బావా."

"పగలగొట్టలేకపోయావా వెధవా?"

"గొడ్డలి తీశాను. తాళం మీదికి ఎత్తాను కూడా. నీ మొహం గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో గాలి వస్తుందిలే అనుకున్నా." కళ్లు తుడుచుకున్నాడు. "గాలి వచ్చింది. వాడు ఆగలేదు."

వేరే మనిషైతే ఆ మాటకి అక్కడే కూర్చుండిపోయేవాడు. సరంగుకి జాలి రాలేదని కాదు. వచ్చింది, కానీ దానికన్నా ముందు ఒళ్లంతా అసహ్యం వచ్చింది. తన పీపా, తన గ్లాసు. తాళం తీసి మూత ఎత్తాడు.

లోపలి నీళ్ల మీద మీగడలా తెల్లటి పొర. బుడగలు. మధ్యలో నానిన అన్నం మెతుకు ఒకటి మెల్లగా తిరుగుతోంది. వేలు ముంచాడు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. నోరెంత వెచ్చగా ఉంటుందో అంత. తాగినవాడు తాగి, పుక్కిలించి, మళ్లీ అందులోకే వదిలినట్టు...

"పట్టు, పారబోద్దాం."

"వద్దు బావా! ఇందులో నీళ్లున్నన్నాళ్లూ దీంట్లోంచే తాగాడు, ఎవరి జోలికీ రాలేదు. నిన్న నువ్వు నింపావని నేను ఊపిరి పీల్చుకున్నా. ఖాళీ చేస్తే వాడు..."

"ఎంగిలి నీళ్లతో నేను పడవ నడపను!"

సరంగు మూత బిగించి, ఒక్కడే పీపాని ఈడ్చాడు. మెట్ల మీదుగా దొర్లించి, పడవ అంచుకి ఆనించి, సముద్రంలోకి ఒంపేశాడు. ఆఖరి చుక్క దాకా ఒంపి, గ్లాసు కూడా విసిరేశాడు. అది వెంటనే మునగలేదు. కాసేపు తేలుతూ, నోరు తెరుచుకుని, వాళ్ల వైపే చూసింది.

కింద గుటకలు ఆగిపోయాయి.

"చూశావా" అన్నాడు సరంగు. "పరిశుభ్రం చేస్తే ఏ పీడైనా పోతుంది."

అప్పుడు సంచిలో ఒక సీసా చిటపటమంది. సీలు ఊడలేదు. మూత తిరగలేదు. లోపలి నీళ్లు మాత్రం దిగిపోతున్నాయి... సీసా పక్కలు లోపలికి నొక్కుకుపోయాయి. గుటక. రెండో సీసా. మూడోది. ఇద్దరూ చూస్తుండగానే సంచులు నలిగిన ప్లాస్టిక్కుతో నిండిపోయాయి.

ఆఖరి సీసా కూడా అయిపోయింది.

నిశ్శబ్దం.

బావమరిది పెదవులు కదిలాయి. మాట రాలేదు. చూస్తుండగానే అవి తెల్లబడి, పగిలి, బీటలు వారాయి. నాలుక బయటపెట్టాడు. అది ఎండిన చెప్పు అట్టలా ఉంది. "బావా..." అన్నట్టు నోరు తెరిచి సరంగు వైపు చెయ్యి చాచాడు. దోసిలి పట్టాడు.

పోయడానికి సరంగు దగ్గర ఏమీ లేదు.

గాలి తిరిగింది. సరంగు చుక్కాని మీద పడి, ఒక్కడే మోకులు లాగి, పొద్దువాలకముందే పడవని రేవుకి చేర్చాడు. బావమరిదిని ఎత్తుకుని కుళాయి కింద పెట్టారు. వాడు తాగాడు, తాగాడు, కడుపు బిందెలా ఉబ్బేదాకా తాగాడు. తర్వాత కళ్లు తెరిచి, సరంగుని చూసి, భయంతో మొహం తిప్పుకున్నాడు. వాడి పెదవులు మామూలుగా ఎర్రగానే ఉన్నాయి. దాహం వాణ్ణి వదిలేసింది.

సరంగు ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"తమ్ముడు బతికాడట, చాలు" అంది భార్య. "మరి రేపు ఎక్కే జనానికి ఏం చెబుతారు? వెళ్తారా?"

"వెళ్తా. కొత్త పీపా కొంటా. తాళం పెట్టను."

ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. సరంగు గడగడా తాగాడు. చెంబు ఖాళీ అయింది. నాలుక మాత్రం తడవలేదు. ఇంకో చెంబు తెచ్చింది. అదీ అయిపోయింది. బిందె తెచ్చి పక్కన పెట్టింది.

"ఎందుకండీ అన్ని గుటకలు? ఎవరన్నా తరుముతున్నారా?"

"తాగడం ఎప్పుడో ఆపాను" అన్నాడు సరంగు.

ఆయన నోరు మూసుకునే ఉంది. చెంబు కింద పెట్టే ఉంది.

గుటక... గుటక...

పంటి సందున మెత్తగా ఏదో తగిలింది. సరంగు వేలు పెట్టి తీసి, దీపం దగ్గర పట్టి చూశాడు. నానిన అన్నం మెతుకు. వెచ్చగా ఉంది.

పొద్దున్నుంచీ ఆయన అన్నం తినలేదు.