తుపాకుల పెట్టెలో అఖండ దీపం

శుక్రవారం సెలవు. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని ఆ విల్లాలో అందరికంటే ముందు లేచేది ఇందిరాదేవిగారే. స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, హాల్లోకొచ్చి దేవుడి తలుపు తీస్తారు. దేవుడి తలుపంటే ఏ టేకు మందిరానిదో అనుకునేరు! మనిషెత్తున నల్లగా నిలబడ్డ ఇనపపెట్టె అది. మొన్న మొన్నటిదాకా అందులో తుపాకులుండేవి.

ఆవిడ పెద్దకొడుకు గురుప్రసాద్ పనిచేసే కంపెనీలో ఒక ఇంగ్లీషు దొరకి వేట పిచ్చి. ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగగానే ఆయనకి ఇక్కడ దోహాలో నిద్ర కరువైంది. తుపాకులు పోలీసులకి అప్పజెప్పేసి, భార్యాపిల్లలతో విమానమెక్కేస్తూ ఖాళీ పెట్టెని గురుప్రసాద్‌కి వదిలిపోయాడు. "ఈ ఇనపగుండుని మనమేం చేసుకుంటామండీ?" అని కోడలు ప్రతిమ నెత్తి కొట్టుకుంటే, అత్తగారు మాత్రం తాపీగా "నా దేవుళ్ళకి పనికొస్తుందిలే" అన్నారు.

ఆవిడ బాధ ఆవిడది. ఆ విల్లాలో రెండు కుటుంబాలు, మధ్యలో ఉమ్మడి హాలు. అవతలి వాటాలో ఉండే హైదరాబాదు సుర్రయ్యా బంగారంలాంటి మనిషే. కానీ ఆమె చేపలు వేయించిందంటే ఆ వాసన నట్టింట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. "దేవుడికి ముక్కు లేదనుకున్నారా?" అని ఇందిరాదేవిగారు గింజుకునేవారు. ఆ పెట్టె తలుపు వేస్తే వాసన కాదు కదా, చీమ కూడా దూరదు. తుపాకులు నిలబెట్టే గాడుల్లో అగరొత్తుల కట్టలు నిలబడ్డాయి. తూటాలు పెట్టుకునే అరలో వేంకటేశ్వరస్వామి కొలువుదీరాడు.

అసలు కష్టం అది కాదు. చిన్నకొడుకు అమర్ కువైట్‌లో ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. సైన్యం దిగిన రోజునుంచి వాడి కబురు లేదు. చుట్టపుచూపుగా పెద్దకొడుకు దగ్గరికొచ్చిన ఆ తల్లి తిరుగు ప్రయాణం మానుకుని, "వాడి క్షేమం తెలిసేదాకా అఖండ దీపం పెడతాను, ఒంటిపూటే తింటాను" అని మొక్కుకున్నారు. అఖండ దీపమంటే క్షణం కూడా ఆరకూడదు. మొదటిరోజే పెట్టె తలుపు మూయగానే గాలాడక వత్తి చచ్చిపోయింది. తీసి ఉంచితే చేపల వాసన. తల్లి ఏడుపు చూడలేక గురుప్రసాద్ "కరెంటు దీపం బిగిస్తానమ్మా" అన్నాడు. ఆవిడ ఒక పూటంతా ఆలోచించి, "సరేలే, వెలుగు ఏదైనా వెలుగే" అని ఒప్పుకున్నారు.

అతను ఎలక్ట్రికల్ ఇంజనీరు. అయినా ఆ పెట్టె అతనికి చుక్కలు చూపించింది. వెనక రేకుని తొలవబోతే డ్రిల్లు ముల్లే విరిగింది. చివరికి పెట్టెని నేలకి బిగించుకోవడానికి అడుగున వదిలిన కన్నంలోంచి, అంచుకి రబ్బరు తొడిగి, వైరు లోపలికి లాగాడు. పై అర కింద హోల్డరు బిగించి పసుపురంగు బల్బు పెట్టాడు. స్వామి ముఖం బంగారంలా మెరిసింది.

"తలుపు మూసినా వెలుగుతూనే ఉంటుంది కదరా?" అని అడిగారు తల్లి.

"ఉంటుందమ్మా," అన్నాడు కొడుకు, స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ.

ఇదంతా సెప్టెంబరు నాటి మాట. ఇప్పుడు నవంబరు. ఈ శుక్రవారం తలుపు తీసేసరికి బల్బు మీద అగరొత్తి నుసి కనబడింది. పైటచెంగుతో తుడవబోయి, కాలుతుందేమోనని ముందు వేలితో తాకి చూశారు. చల్లగా ఉంది. పొద్దున్నే కుండలో నీళ్ళలా ఉంది. రాత్రంతా వెలిగిన దీపం ఇంత చల్లగా ఎలా ఉంటుంది? కాసేపు స్తోత్రం చదువుకుని మళ్ళీ తాకారు. ఈసారి చురుక్కుమంది. జీవితమంతా పొయ్యి ముందు గడిపిన మనిషికి ఇందులో తిరకాసు తెలియడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. తలుపు అంచంతా తడుముతుంటే చిన్న బొత్తాం ఒకటి వేలికి తగిలింది. నొక్కారు. స్వామి చీకట్లోకి వెళ్ళిపోయాడు. వదిలారు. వెలుగొచ్చింది.

"ఒరేయ్ ప్రసాదూ!"

ఆ కేకకి గురుప్రసాద్ కాఫీ గ్లాసుతోనే పరిగెత్తుకొచ్చాడు. వెనకే ప్రతిమ వచ్చింది.

"ఇదేమిటిరా?" బొత్తాం నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి చూపించారు ఆవిడ.

అతను గ్లాసు కింద పెట్టాడు. "అదీ... లోపలంతా మెత్తటి గుడ్డ అంటించి ఉందమ్మా. మూసిన పెట్టెలో రాత్రింబవళ్ళు బల్బు వెలిగితే వేడికి అంటుకుంటుంది. ఇల్లు తగలబడిపోతుంది. అందుకని పాత ఫ్రిజ్‌లోంచి స్విచ్ పీకి..."

"ఫ్రిజ్‌లోదా! అంటే నా దేవుడు నీకు వంకాయలూ బెండకాయలూ అయ్యాడన్నమాట!"

"అది కాదమ్మా. చెబితే నువ్వు ఒప్పుకోవని..."

"ఒప్పుకోనురా. తలుపు బార్లా తీసి, నూనె దీపం పెట్టి, దాని ముందు కాపలా పడుకునేదాన్ని. సుర్రయ్యా చేపలు కాదు, తిమింగలాన్ని వేయించుకున్నా ముక్కు మూసుకునేదాన్ని. నా బిడ్డకంటే ఎక్కువా నాకు వాసన?" ఆవిడ పెట్టె తలుపు మీద చరిచారు. "రోజుకి ఎన్నిసార్లు ఈ తలుపు మూశానో! అన్నిసార్లూ నా చేత్తో నేనే వాడి దీపం ఆర్పానన్నమాట. అందుకేరా వాడి కబురు రానిది. ఆరిపోయిన దీపానికి ఏ దేవుడు పలుకుతాడు?"

"అమ్మా, దానికీ దీనికీ ఏం సంబంధం?"

"నీకు తెలీదు, నోర్ముయ్. ఈ క్షణం నుంచి మొక్కు మళ్ళీ మొదలు. ఈసారి ఒంటిపూట కూడా లేదు. వాడి కబురు తెలిసేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టను."

"షుగరు మనిషివమ్మా! మూడోరోజుకి కళ్ళు తిరిగి పడిపోతావు."

"పోతే పోతాను. వాడే లేకపోయాక నేనుండి ఎవర్ని ఉద్ధరించాలి?"

గురుప్రసాద్ భార్య వైపు చూశాడు. ప్రతిమ పెదవి కొరుక్కుని నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ అత్తగారు సగం తిని లేచిన కంచాలు కడిగింది ఆ అమ్మాయే. ఇంక ఆమె వల్ల కాలేదు.

"ఏమండీ, మీరు చెబుతారా? నన్నే చెప్పేయమంటారా?"

"ప్రతిమా!"

"మీ ఒట్టూ వద్దు, ఏమీ వద్దు. ఆవిడ ప్రాణం పోతుంటే చూస్తూ ఊరుకోమంటారా?" ప్రతిమ గబగబా వచ్చి అత్తగారి చేతులు పట్టుకుంది. "అత్తయ్యా, అమర్ క్షేమంగా ఉన్నాడు. కిందటి నెలలోనే జోర్డాన్ మీదుగా ఇండియా చేరిపోయాడు. ఫోన్ కూడా చేశాడు."

ఇందిరాదేవిగారి ముఖం ఒక్కసారి విప్పారింది. రెండు చేతులూ స్వామి వైపు లేచాయి. సగంలోనే ఆగిపోయాయి.

"కిందటి నెలలోనా?"

గొడవ విని సుర్రయ్యా తన వాటా గుమ్మంలోకి వచ్చింది. ఆ ఇంటికంతా ఉన్న ఒక్క ఫోనూ ఆమె వాటాలోనే ఉంది. ఇందిరాదేవిగారు మెల్లగా ఆమె వైపు తిరిగారు.

"నీక్కూడా తెలుసా, సుర్రయ్యా?"

సుర్రయ్యా తలమీద కొంగు సర్దుకుంది. "ఫోన్ నేనే ఎత్తిన అమ్మా. ప్రసాద్ భాయ్ చెప్పొద్దని కసమ్ పెట్టిండు. నేనేం జెయ్యాలె? మీరు ఏడుస్తుంటే నాకు ముద్ద దిగలేదు, ఖుదా కసమ్. మాఫ్ జెయ్యుండ్రి."

"అంటే తెలియనిది నాకొక్కదానికే." ఆవిడ ఇప్పుడు అరవడం లేదు. అందుకే అందరికీ భయం వేసింది. "నేను కడుపు మాడ్చుకుని ఏడుస్తుంటే మీరు నా పక్కన నిలబడి హారతి కళ్ళకద్దుకున్నారు. 'తమ్ముడు వచ్చేస్తాడులేమ్మా' అని నా భుజం తట్టావు నువ్వు. వాడు వచ్చేశాడని తెలిసి తట్టావు. పరాయివాడు ఇలా చేస్తే వాడి మొహాన ఉమ్మేసేదాన్ని. కన్నకొడుకువి. నిన్నేం చెయ్యను?"

గదిలోకి వెళ్ళి సూట్‌కేసు మంచం మీద పెట్టి చీరలు మడత పెట్టడం మొదలెట్టారు. గురుప్రసాద్ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. తల్లి తిడితే పడటం అతనికి అలవాటే. ఇలా మాట్లాడకుండా చీరలు సర్దుతుంటే చూడటం అలవాటు లేదు.

"వాడికి పెళ్ళయిందమ్మా," అన్నాడు చివరికి. "జులైలోనే, కువైట్‌లో. అమ్మాయి పేరు లూర్దమ్మ. అదే ఆస్పత్రిలో నర్సు. ఫిరంగిపురం వాళ్ళు, క్రైస్తవులు. జోర్డాన్ సరిహద్దులో ఎడారి డేరాల్లో వాడికి విరేచనాలు పట్టుకుంటే, ఎండలో నీళ్ళ ట్యాంకరు వెనక పరిగెత్తి, చెంచాతో తాగించి బతికించింది ఆ పిల్లే."

ఇందిరాదేవిగారి చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. "చేసుకుంటే చేసుకున్నాడు. బతికున్నానని అమ్మకి ఒక్క ముక్క చెప్పడానికి ఏం రోగం?"

"కిందటేడు వాడు సెలవుకి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర, పిన్ని కొడుకు పెళ్ళి సంగతి వచ్చింది. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తు లేకేం? అమర్ కంచంలో పప్పు వడ్డిస్తూ అన్నారావిడ. 'మతం కాని పిల్లని చేసుకున్నవాడు ఎవడి కొడుకైతేనేం? నా కొడుకే అలా చేస్తే, వాడు బతికున్నా నాకు చచ్చినట్టే.' ఆ రోజు అమర్ పప్పన్నం కలుపుకుని కూడా తినకుండా లేచిపోయాడు. ఎండ దెబ్బేమో అనుకుని మజ్జిగ ఇచ్చారు.

"ఫోన్లో వాడు ఏడ్చాడమ్మా," గురుప్రసాద్ కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. "'అన్నయ్యా, తప్పిపోయాననుకున్నన్నాళ్ళూ అమ్మ నాకోసం దీపం పెడుతుంది. విషయం తెలిసిందంటే అదీ ఉండదు. కొన్నాళ్ళు నన్నిలా తప్పిపోయే ఉండనీ' అన్నాడు. ఒట్టేయించుకున్నాడు."

చేతిలో చీర జారిపోయింది. ఇందిరాదేవిగారు మంచం అంచున కూర్చుండిపోయారు.

"అంత మాట నోరు జారి అన్నానురా. నాకు తెలుసు నా నోరు మంచిది కాదని. వాడు చిన్నవాడు, నమ్మాడు. నువ్వు పెద్దవాడివి. 'అమ్మ అంటుందిరా, కానీ నువ్వు బతికున్నావంటే పరిగెత్తుకొస్తుంది' అని వాడికి చెప్పలేకపోయావా?"

అతను తల దించుకున్నాడు. "నాకూ భయమేసిందమ్మా. ఏమో, నిజంగానే వద్దంటావేమోనని."

"అదిరా నువ్వు చేసిన ద్రోహం. స్విచ్ పెట్టి దీపం ఆర్పావు, పోనీ, ఇల్లు కాలకూడదని చేశావు. నేను కోపంలో అన్న మాటని నమ్మావు గానీ, నిన్ను పెంచిన నన్ను నమ్మలేదు." కన్నీళ్ళు బొటబొటా చీరమీద పడుతుంటే తుడుచుకోకుండానే లేచారు. "సుర్రయ్యా, నీ ఫోను కావాలి."

అమర్ ఇచ్చింది ఫిరంగిపురంలో లూర్దమ్మ అన్నగారి మందుల షాపు నంబరు. వాళ్ళ ఇల్లు ఆ షాపు మీదే. ప్రతిమ ఆ నంబరు తిప్పి ఫోను అత్తగారి చేతికిచ్చింది.

"హలో, ఎవరండీ?" ఆడగొంతు.

"లూర్దమ్మేనా?"

"అవునండీ. మీరూ?"

"అమర్ వాళ్ళమ్మని."

దులిపేద్దామనుకున్న మాటలూ, అడుగుదామనుకున్న ప్రశ్నలూ ఆవిడ పక్కకి నెట్టేశారు. "వాడికి ఒళ్ళు తేరుకుందా?" అన్నారు చివరికి.

"తేరుకుందండీ. కొంచెం నీరసం ఉంది, అంతే. పైన పడుకున్నారు, పిలుస్తానండీ. పెట్టెయ్యకండేం! దణ్ణం పెడతానండీ, ఫోన్ పెట్టెయ్యకండి!" ఆ పిల్ల అరుచుకుంటూ మెట్లెక్కడం ఇక్కడికి వినబడింది.

పెట్టేస్తానని ఆ పిల్ల ఎంత భయపడిందో! కంటబడని కోడలిని కూడా తన మాట ఇంతగా బెదరగొట్టిందా, అనుకున్నారు ఇందిరాదేవిగారు.

"అమ్మా..." అమర్ గొంతు. సన్నబడిపోయింది.

ఆవిడ ఫోను చెవికి అదుముకున్నారు.

"అన్నయ్య చెప్పేశాడా?"

"చెప్పాడు."

అమర్ చాలా చిన్నగా అడిగాడు. "అయితే... నేను నీకు చచ్చినట్టేనా అమ్మా?"

ఇందిరాదేవిగారు గోడకి జారగిలబడి అలాగే నేలమీద కూలబడ్డారు. సుర్రయ్యా పక్కన కూర్చుని భుజం పట్టుకుంది.

"నా నోరు పడిపోను! ఒరేయ్, నేను నీకోసం ఇక్కడ ఎన్ని దేవుళ్ళకి మొక్కానురా! చచ్చినవాడి కోసం ఎవరైనా అలా మొక్కుతారా?" వెక్కిళ్ళు ఆపుకుని, పైటతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు. "ఆ పిల్ల పక్కనే ఉందా?"

"ఉందమ్మా. ఏడుస్తోంది."

"ఏడవద్దని చెప్పు. ఫోను ఇద్దరి చెవులకీ ఆనించు. ఆనించావా? ఆ రోజు అన్నది అందరి ముందూ అన్నాను, కాబట్టి ఇదీ అందరి ముందే అంటున్నాను. మీ అన్నయ్య వింటున్నాడు, వదిన వింటోంది. నువ్వు నాకు బతికే ఉన్నావు. నిన్ను బతికించి తెచ్చిన ఆ పిల్ల నా కోడలు. విన్నారా ఇద్దరూ?"

అవతలనుంచి ఇద్దరు మనుషులు ఒకే ఫోన్లో వెక్కివెక్కి ఏడుస్తున్న చప్పుడు వచ్చింది.

గుమ్మం దగ్గర గురుప్రసాద్ చేతులు కట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాడు. ఇందిరాదేవిగారు ఫోను చెవినుంచి తియ్యకుండానే అతని వైపు ఎర్రగా చూశారు.

"నీ మీద కోపం ఇప్పట్లో పోదు. దాని సంగతి తర్వాత తేలుస్తాను," అని, చొక్కా అంచు పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇంద, ముందు తమ్ముడితో మాట్లాడు."