పది అడుగుల వెనక

"ఈ గోడ నిన్న లేదే, ఎవరు కట్టారండీ?"

సిద్దికా నాతో అన్న మొదటి మాట అది. అది గోడ కాదు. లారీ కోసం నేను ఫుట్‌పాత్ మీద పేర్పించిన నలభై మిర్చి బస్తాలు. ఆమె చేతిలో తెల్లకర్ర, భుజాన సంచి. చూపు లేదని అప్పుడు అర్థమైంది.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఏడేళ్లుగా కమిషన్ వ్యాపారం చేస్తున్నాను. ఆలోచిస్తూ కూర్చుంటే బేరం పక్క కొట్టుకి పోతుంది. అందుకే ఆలోచించలేదు. చెయ్యి పట్టుకుని, ఆటోల మధ్య నుంచి ఆమెను రోడ్డు దాటించేశాను.

"ఏం చేశారిప్పుడు?"

"రోడ్డు దాటించానండీ. థాంక్స్ ఎందుకులెండి."

"నేను వెళ్లాల్సిన బస్టాపు మనం వచ్చిన వైపే ఉంది."

ఆమె భుజం సంచిలో ఫోను పలికింది. "దారి మారింది. మళ్లీ చూస్తున్నాను."

ఆ గొంతులో కోపం లేదు, విసుగు లేదు. తప్పు నాది, సర్దుబాటు దానిది. అలాంటి గుమాస్తా మా యార్డు మొత్తంలో ఒక్కడు లేడు.

"ఏంటండీ అది?"

"జీపీఎస్ యాప్. ఎటు తిరగాలో, ఎన్ని అడుగులు వెయ్యాలో చెబుతుంది. మనుషులు పట్టి లాక్కెళ్లకపోతే బాగానే పనిచేస్తుంది."

మర్నాడు ఆమె వస్తుంటే, కొట్టుకి ఇరవై అడుగుల దూరంలోనే ఆ ఫోను అంది. "ముందు అడ్డదిడ్డం కొట్టు. జాగ్రత్త."

"అదేం పేరండీ?"

"నేను పెట్టుకున్న గుర్తు. ఒకసారి పెడితే, ఆ చోటు రాగానే అదే చెబుతుంది."

"బస్తాలు లోపల సర్దించాను. ఆ పేరు తీసెయ్యండి."

"ఒక్కరోజు సరుకు చూసి కొట్టు మంచిదంటామా? వారం చూస్తాను."

వారం పాటు ఫుట్‌పాత్ మీద ఒక్క బస్తా దించనివ్వలేదు. "ఏంది బాబూ, ఎవరికోసం ఇంత శుభ్రం?" అని మా హమాలీ యలమంద నవ్వాడు. ఎనిమిదో రోజు ఫోను "ముదస్సిర్ మిర్చి కొట్టు" అంది. పేరు యలమందని అడిగి తెలుసుకుందట. అంత మర్యాదగా నా పేరు అంతకుముందు ఎవరూ పలకలేదు.

సిద్దికా వాళ్ల నాన్న మొహిద్దీన్ బాషాగారిది రెండు వీధుల అవతల పరుపుల కొట్టు. ఆమెకు ఒంగోలులో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆయన ఒకటే షరతు పెట్టాడు. ముందు ఒకరోజు ఒంటరిగా ఆ ఆఫీసుకి వెళ్లి తిరిగి రావాలి. ఎవరూ చెయ్యి పట్టకూడదు, వెంట నడిచి దారి చెప్పకూడదు. అలా అయితేనే ఉద్యోగం, లేదంటే ఇల్లే.

షరతు పెట్టిన మనిషే బుధవారం చీకటితో నా దగ్గరికొచ్చాడు. "అబ్బాయ్, ఇవాళ వెళ్తోంది. తెలియకుండా వెనకాలే వెళ్లు. సాయం చెయ్యకు. ఏం చూశావో వచ్చి నాకు చెప్పు."

నాకు నష్టమేముంది? ఆమె ఉన్న బస్సులోనే ప్రయాణం. యార్డు నుంచి అలాగే వెళ్లి, ఆమెకు నాలుగు సీట్ల వెనక కూర్చున్నాను.

చిలకలూరిపేట దాటేసరికి నా పక్కాయన తుమ్మాడు. తర్వాత ముందు సీటావిడ. తర్వాత ఆవిడ పిల్ల.

"ముదస్సిర్ గారూ," వెనక్కి తిరక్కుండానే అంది సిద్దికా. "పొద్దున్నే మిర్చి ఘాటు పట్టిన చొక్కాతో ఎవరైనా దొంగతనంగా వస్తారా? ముందుకు రండి, పాపం వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు."

వెళ్లి పక్కవరసలో కూర్చున్నాను.

"నాన్న పంపించారా?"

"పంపించారు."

"అయితే వినండి. బస్సు దిగాక పది అడుగుల వెనక నడవండి. మీరొక్క మాట సాయం చేసినా నా ఉద్యోగం పోయినట్టే."

ఆమె పక్కన కూర్చున్న ముసలావిడ అడిగింది. "మేదరమెట్ల ఎంత దూరమే అమ్మా? నాకు కళ్లు సరిగా ఆనవు."

"ఇంకో ఆరు కిలోమీటర్లు మామ్మా. నిద్రపోండి, నేను లేపుతా."

చూపున్న నలభైమందిమి ఉన్నాం బస్సులో. ఆవిడని దింపింది సిద్దికానే.

ఒంగోలులో దిగాక నేను పది అడుగుల వెనక నడిచాను. ఫోను కుడి అంటే కుడి, ఆగమంటే ఆగడం. చెవి ఒకటి ఫోనుకి, ఇంకోటి వీధికి. ఆటోలు తప్పించింది, తవ్విన గుంట తప్పించింది. నేనే ఒకసారి గేదెను గుద్దుకున్నాను.

చివరికి ఫోను, "మీరు చేరారు" అంది.

ఎదురుగా పొడవాటి గోడ. ఆఫీసు వెనక గోడ. గేటు మలుపు తిరిగితే ఉంది. నాకు కనబడుతోంది. ఆమె కర్ర గోడంతా తడిమింది, వెనక్కి వచ్చింది, మళ్లీ తడిమింది. ఆ సందులో అడుగుదామంటే మనిషి లేడు, నేను తప్ప. పదకొండింటికి ఆఫీసరు రమ్మన్నాడు. ఎనిమిది నిమిషాలు గడిచాయి. ఆమె మెడ మీద చెమట చూసి, నోరు తెరవకుండా తువ్వాలు అంచు పళ్ల మధ్య పెట్టుకున్నాను.

అంతలో వాన మొదలైంది. మార్చిలో వానంటే మిర్చి వ్యాపారికి గుండెల్లో రాయి పడ్డట్టే. ఆ రోజు నాకు కాయ గుర్తే రాలేదు.

సిద్దికా కదలకుండా నిలబడి తల కొంచెం ఎడమవైపు వంచింది. వాన గోడ మీద మెత్తగా పడుతోంది. మలుపు అవతల టార్పాలిన్ల మీద టపటపమంటోంది. ఆమె ముఖం వెలిగింది.

"అర్జీలు రాసేవాళ్లు," అంది తనలో తాను. "గేటు పక్కనేగా టార్పాలిన్లు కట్టుకుని కూర్చుంటారు."

చప్పుడు పట్టుకుని నడిచింది, మలుపు తిరిగింది, గేటు ఇనుపచువ్వల్ని కర్రతో టంగుమనిపించింది. ఆ చోటు ఫోనులో గుర్తు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను వానలో తడుస్తూ నిలబడ్డాను. చూపున్నవాడిగా ఇన్నేళ్లలో వాన చప్పుడు ఇన్ని రకాలని నాకు తెలియదు.

సాయంత్రం పరుపుల కొట్టులో బాషాగారు దూది కూరుతూ అడిగాడు. సిద్దికా గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎక్కడైనా చెయ్యి పట్టుకున్నావా?"

"లేదండీ."

"తడబడిందా?"

మా వ్యాపారంలో బస్తా కోసినప్పుడు ముందు తాలు చూపిస్తాం, అంటే రంగు పోయిన కాయ. అది దాచినవాడి మాట తర్వాత ఎవరూ వినరు.

"తడబడిందండీ. ఆఫీసు వెనక గోడ దగ్గర ఎనిమిది నిమిషాలు ఆగిపోయింది. ఫోను గేటు చూపించలేదు."

సిద్దికా ముఖం పాలిపోయింది. బాషాగారి చెయ్యి దూదిలోనే ఉండిపోయింది. "ఇందుకేగా నేను భయపడేది."

"తర్వాత వాన చప్పుడు విని గేటు తనే పట్టింది. ఆ చోటు గుర్తు పెట్టుకుంది కాబట్టి ఇకమీదట ఆ గోడ ఆమెను ఆపలేదు. నేనైతే ఆ కంగారులో ఇంటికి తిరిగొచ్చేవాణ్ణి. మిమ్మల్నీ నన్నూ కలిపి తూచినా ఆమె ధైర్యానికి సరిపోమండీ."

ఆయన దూదిలోంచి చెయ్యి బయటికి తీశాడు. "ఎనిమిది నిమిషాలు చూస్తూ ఊరుకున్నావా?"

"ఆ ఎనిమిది నిమిషాలూ ఆమెవి. మధ్యలో దూరే హక్కు నాకు లేదు."

"సోమవారం వెళ్లి చేరమ్మా," అన్నాడు ఆయన, దూది దులుపుకుంటూ.

"బాషాగారూ, రేపు మా అమ్మ జానీబీని మీ ఇంటికి పంపుదామనుకుంటున్నాను. సంబంధం మాట్లాడటానికి."

"ఒంగోలు దాకా ఒక్కతే వెళ్లొచ్చిన పిల్ల. నన్నడుగుతావేంటి, దాన్నే అడుగు." టీ పెట్టించే వంకతో లోపలికి వెళ్లిపోయాడు.

"ముందు తాలు చెప్పి ప్రాణం తీశారు," అంది సిద్దికా. "మీ తాలు కూడా చెప్పండి మరి."

"తొందరెక్కువ. అడక్కుండా సాయం చేస్తాను. మిమ్మల్ని చూడని రోజు బేరంలో మాట తడబడుతోంది."

"మొదటి రెండూ తాలే. మూడోది పర్వాలేదు." నవ్వింది. "అమ్మగారిని రమ్మనండి. వీధి చివరిదాకా నడుద్దాం రండి."

నేను చెయ్యి చాపబోయాను.

"మీరు పట్టుకోకండి. మోచెయ్యి ఇవ్వండి, నేను పట్టుకుంటాను. నాకంటే అర అడుగు ముందు నడవండి. మెట్టొస్తే ఆగండి."

మోచెయ్యి ఇచ్చాను. ఆమె వేళ్లు చొక్కా మీద తేలిగ్గా నిలిచాయి. వీధి చివరకు వెళ్లేలోగా రెండుసార్లు ఆగాను.

"ఇక్కడ మెట్లు లేవండీ," అంది సిద్దికా.

"తెలుసు," అన్నాను.