ఇత్తడి నట్లు

మేస్త్రీకి ముక్కు మీదే కోపం. షెడ్డులో ఎవరైనా స్పానరు తీసి వేరేచోట పెడితే ఆ పూటంతా సాధిస్తాడు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం అరగంట నుంచి రెండు డబ్బాల ముందు కిక్కురుమనకుండా కూర్చున్నాడు. ఒకదాంట్లో తల లేని బోల్టుల్లాంటి కొత్త స్టడ్లు, ఇత్తడి నట్లు. రెండోదాంట్లో పాత లారీ ఇంజను నుంచి తనే విప్పిన తుప్పు బోల్టులు.

"ఏంటి పెదనాన్నా, అవేమైనా గుడ్లు పెడతాయనా?" అంది తమ్ముడి కూతురు.

తండ్రి నడిపిన లారీని మళ్లీ రోడ్డెక్కించాలని ఆ పిల్ల పంతం. రేపు తనే నడుపుతుందట, మూడేళ్ల కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని.

"మామూలు బోల్టులేస్తే ఏం?"

"పొగ బయటికొచ్చే మానిఫోల్డు కదా తల్లీ, నిప్పులా కాలుతుంది. ఆ వేడికి మామూలువి సాగి వదులైపోతాయి. సందులోంచి పొగ క్యాబిన్లోకి వస్తుంది. తెలీను కూడా తెలీదు. నిద్రొస్తుంది, అంతే."

మిగతాది మింగేశాడు. ఇరవై రెండేళ్లుగా మింగుతూనే ఉన్నాడు. ఆ రోజు సరైన స్టడ్లు దొరక్క, ఈ ఒక్క ట్రిప్పుకి సరిపోతాయిలే అని మామూలు బోల్టులు బిగించింది తనే. దారిలో వాన. తమ్ముడు లారీ పక్కకి నిలిపి, ఇంజను ఆపకుండా, కిటికీలు మూసుకుని కునుకు తీశాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు అందరూ. అయ్యుంటుందన్నాడు అన్న.

"నేను సీటు తుడుస్తా," అంటూ అమ్మాయి క్యాబిన్ ఎక్కింది.

అతను మధ్య నుంచి చివరలకి ఒక్కో ఇత్తడి నట్టూ బిగించుకుంటూ వచ్చాడు. పైన రేకుల మీద వాన మొదలైంది. కాసేపటికి కాలిన డీజిల్ వాసన తగిలింది.

ట్యాంకులో చుక్క డీజిల్ లేదు. ఇంజను ఇంకా స్టార్ట్ చేయనే లేదు.

మానిఫోల్డు మీద చెయ్యి వేశాడు. చుర్రుమంది!

"అమ్మాయ్..."

పరిగెత్తాడు. క్యాబిన్ అద్దాలు పైదాకా ఎక్కించి ఉన్నాయి. లోపల బూడిదరంగు పొగ... స్టీరింగు మీద వాలిన తల...

తలుపు లాగాడు. రాలేదు. లోపలి నుంచి ఎవరో లాగి పట్టుకున్నారు.

"నేనేరా... తప్పుడు బోల్టులు బిగించింది నేనే! తెలిసే బిగించాను! పిల్లని వదిలెయ్‌రా, నీ కాళ్లు పట్టుకుంటా..."

తలుపు తెరుచుకుంది.

అమ్మాయిని కిందికి దించి ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. దగ్గింది. ఊపిరి తీసుకుంది. బతికింది! మేస్త్రీ చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

అమ్మాయి మెల్లగా కళ్లు తెరిచి అతని వైపు చూసింది. గొంతు ఆమెదే.

"కిటికీలు తీసి పడుకోమని ఒక్క మాట చెప్పుంటే... నీ సొమ్మేం పోయేది, అన్నయ్యా?"