తుషారవల

చంద్రుడి మీది శశిపురంలో మనిషికి రోజుకు రెండు చెంబుల నీళ్లే ఇచ్చేవారు. శివుడి అభిషేకానికి ఒక్క ఉద్ధరిణెడు. అవన్నీ భూమి నుంచి రాకెట్లలో వచ్చినవే.

మరి చంద్రుడికి సొంత నీళ్లు లేవా? ఉన్నాయి. సోలార్ విండ్‌లో, అంటే సూర్యపవనంలో, వచ్చే హైడ్రోజన్ అక్కడి మట్టిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఎండ తగిలితే ఎగిరిపోతుంది. ఏనాడూ వెలుగెరగని గోతుల్లో పడితే మాత్రం కోట్ల ఏళ్లు మంచుగా నిలుస్తుంది. ఆ ఎగిరే నీటిని పట్టడానికి ఇద్దరు శాస్త్రవేత్తలు చెరో తుషారవల తయారుచేసి, చెరో గోతిలో పరిచారు. వాళ్లు తోడికోడళ్లు. పెద్దామె హైమవతి, చిన్నామె నీలవేణి. కార్తిక సోమవారం నాటికి ఎవరి వల ఎక్కువ నీళ్లు పడితే దాన్నే ఊరికి ఖాయం చేస్తారు. చంద్రుణ్ణి తలపై పెట్టుకున్న స్వామికి చంద్రుడి నీళ్లతో తొలి అభిషేకం కూడా గెలిచినామెదే.

హైమవతికి తన వల మీద కంటే తోడికోడలి వల మీదే చూపు. రోజూ స్పేస్ సూటు తొడుక్కుని నీలవేణి గోతిలోకి దిగి, గంటసేపు మంచు మందం చూసి వచ్చేది. అది రోజురోజుకూ పెరుగుతోంది! పూజలో కూర్చున్నా అదే కళ్లముందు మెదిలేది.

"ఏం పోస్తున్నావే నీ వలకి? వరద గోదారిలా ఉంది!"

"ఏదో నీ దీవెన అక్కా. దిష్టి పెట్టకు!" అంది నీలవేణి.

సోమవారం కొలిచారు. హైమవతిది గిద్దెడు. నీలవేణిది రెండు గిద్దెలు.

"ఇవి చంద్రుడి నీళ్లు కావు, వంటింటివి! జన్మదర్శినిలో పెట్టండి," అంది హైమవతి.

సూర్యపవనంతో పుట్టిన నీటిలో బరువు హైడ్రోజన్ దాదాపు ఉండదు. భూమి నీటిలో ఉంటుంది. ఆ తేడాతో జన్మదర్శిని యంత్రం నీటి పుట్టుక చెబుతుంది.

"ఇందులో ముప్పావు వంతు భూమి నీరే," అంది యంత్రం.

"చెప్పానా!"

నీలవేణి మొహం పాలిపోయింది. "దేవుడి తోడు అక్కా, చుక్క పోస్తే ఒట్టు!"

"వంటింటిది కాదు," అంది యంత్రం. "ఒంటి వేడి తగ్గించడానికి స్పేస్ సూటు నీటిని ఆవిరిగా బయటికి వదులుతుంది. అదే వల మీద పేరుకుంది. లీకులు కనిపెట్టడానికి ఒక్కో సూటు నీటిలో ఒక్కో గుర్తు కలుపుతారు. ఈ గుర్తు హైమవతి గారి సూటుది."

శాస్త్రవేత్త అయ్యుండీ ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు. అసూయ చదువును కూడా మరిపిస్తుందేమో!

ఆ నీరు తీసేస్తే నీలవేణికి మిగిలింది అరగిద్దె. గెలిచింది హైమవతే.

"ఇంటిపట్టున కూర్చున్నా గెలిచేదానివి కదక్కా," అంది నీలవేణి కళ్లు తుడుచుకుంటూ. "రోజూ వచ్చి నా చేనుకు నీళ్లు పెట్టావా?"

హైమవతి వలలో పడిన గిద్దెడు నీళ్లున్న చెంబును ఆమె ముందుకు జరిపింది. హైమవతి చెయ్యి చాచలేదు. స్వామి ముందు కూర్చుని ఏమని సంకల్పం చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు.