ఇనుప తలుపు కోసం విన్నపం

పొద్దున్నే పెద్దకోడలు వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. చిన్న చిన్న సంఘాలకు విరాళాల కోసం విన్నపాలు రాసిపెట్టడం ఆమె పని. ఈసారి సంఘం అత్తగారిదే. మొగుళ్ళ దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకు ఆవిడ తమ ముందుగదిలో నీడనిస్తోంది. ఇప్పుడు కావలసింది ఇనుప తలుపు. ఉన్న చెక్క తలుపు పోయిన వారమే గొళ్ళెంతో సహా ఊడింది.

“ఎవరు పగలగొట్టారని రాయమంటారు అత్తయ్యా? దాతలు తప్పకుండా అడుగుతారు.”

“ఎవరో తాగుబోతు, మొహం తెలీదని రాయి.” అత్తగారు పొయ్యి వైపు తిరిగిపోయింది.

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. ఆ తాగుబోతు ఆవిడ ముద్దుల చిన్నకొడుకు. పెళ్ళాన్ని ఈడ్చుకుపోవడానికి వచ్చాడు. వాచిన దవడతో ఆ పిల్ల ఇంకా ముందుగదిలోనే ఉంది. ఊరి ఆడవాళ్ళందరికీ కొండంత అండగా నిలిచే మనిషి, ఈ పిల్లకు మాత్రం “వాడిది పాలపొంగు కోపం, సర్దుకోమ్మా” అని చెబుతోంది!

“మొహం తెలీదా? తొమ్మిది నెలలు మోశారు కదా!” అనేసింది.

అప్పుడే ముందుగదిలోంచి కేక వినబడింది.

తాడుతో కట్టిన తలుపును తన్ని చిన్నకొడుకు లోపలికి వచ్చేశాడు. భార్యను జుట్టు పట్టి ఈడుస్తున్నాడు. ఆమె తల గడపకు కొట్టుకుని నెత్తురు కారింది. అడ్డం వెళ్ళిన పెద్దకోడలి చెంప ఛెళ్ళుమంది.

“వదలరా!” అత్తగారు మధ్యలో దూరింది.

“మొగుడూపెళ్ళాల మధ్య నీకేంటమ్మా? తప్పుకో!” అని ఒక్క తోపు తోశాడు.

ఆవిడ గోడకు కొట్టుకుని కూలబడింది. మణికట్టు పుటుక్కుమంది. వాడు కొయ్యబారిపోయాడు.

“అమ్మా... చూసుకోలేదే...”

“దాన్ని మాత్రం చూసే కొట్టావుగా. ముట్టుకోకు నన్ను. బయటికి నడు.”

వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు. పెద్దకోడలు పోలీసులకు ఫోన్ చేస్తుంటే ఆవిడ వద్దనలేదు.

చిన్నకోడలు తన నెత్తురు కూడా తుడుచుకోకుండా అత్తగారి చేతికి తువ్వాలు చుట్టింది. అది చూసి ఆవిడ బావురుమంది.

“ఈ నోటితోనే కదా తల్లీ నిన్ను సర్దుకోమన్నాను...”

చిన్నకోడలు ఆవిడ తలను గుండెకు హత్తుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

తర్వాత అత్తగారు పెద్దకోడలి వైపు తిరిగింది.

“ఆ తాగుబోతు మాట చెరిపెయ్. సంఘం నడిపేదాని కొడుకే పగలగొట్టాడని రాయి.”

“అలా రాస్తే డబ్బు రాదేమో అత్తయ్యా.”

“రాకపోతే ఆ గుమ్మానికి అడ్డంగా నేనే పడుకుంటాను. రాయి.”